దీవుల్లో గెస్ట్ లెక్చరర్: గంటల లెక్కకు అందని బోధన

మాయాబందర్ వెళ్లే బస్సు చీకటి ఉండగానే పోర్ట్ బ్లెయిర్‌లో బయల్దేరుతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ వరసకట్టి ఆగుతాయి. గేటు తీశాక పోలీసు కాపలాతో కన్వాయ్‌గా కదలాలి. జారవా తెగవారి అడవి దాటేదాకా మధ్యలో ఆగకూడదు. మిడిల్ స్ట్రెయిట్‌లో ఫెర్రీ ఎక్కి, బారాటాంగ్‌లో దిగి, రంగత్ మీదుగా మాయాబందర్ చేరేసరికి పగలు చాలావరకు అయిపోతుంది. ఆ ఊళ్లో 1990లో పెట్టిన మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల ఉంది. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా పిల్లలు పోర్ట్ బ్లెయిర్‌దాకా రాకుండా డిగ్రీ చదువుకోగలుగుతున్నారంటే దాని పుణ్యమే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసేవాళ్లు పొద్దున ఒక కాలేజీలో రెండు పీరియడ్లు చెప్పి, మధ్యాహ్నం బండేసుకుని ఇంకో కాలేజీకి వెళ్లి, సాయంత్రం ఏ కోచింగ్ సెంటర్లోనో క్లాసు తీసుకుని నెల గడుపుకుంటారు. అది సుఖమైన బతుకేమీ కాదు, కానీ ఒక దారి. మాయాబందర్‌లో ఆ దారి కూడా లేదు. పక్క ఊరి కాలేజీకి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే వీలు లేదు. అక్కడ గంటల లెక్కన పాఠం చెప్పే మనిషికి కాగితం మీద ఉన్నది పార్ట్‌టైం పని. వాస్తవంలో ఆ మనిషి ఇల్లు, కాలం, చదువు అన్నీ ఆ ఒక్క కాలేజీకే అంకితం. గెస్ట్ ఫ్యాకల్టీ గురించి మెయిన్‌లాండ్‌లో రాసుకున్న నియమాలు దీవులకొచ్చేసరికి ఎందుకు సరిపోవో ఇక్కడే తెలుస్తుంది. బోధన ప్రమాణం అనేది పాఠం చెప్పే మనిషి ప్రతిభతో మొదలవుతుందని మనం అనుకుంటాం. గెస్ట్ అధ్యాపకుల విషయంలో అది చాలావరకు వాళ్లు క్లాసులో అడుగుపెట్టక ముందే, నియామక ఉత్తర్వు తేదీతోనే తేలిపోతుందని నా అభిప్రాయం. ఈ విషయం మీద ప్రపంచంలో జరిగిన పరిశోధన, మన దేశపు నియమాలు, కోర్టు తీర్పులు అన్నీ కలిపి చూస్తే ఆ అభిప్రాయమే బలపడుతోంది.

ముందు దీవుల సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) జవాహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ 1967లో మొదలైంది. అందరూ పిలిచే పేరు జేఎన్‌ఆర్‌ఎం. తర్వాత ఉపాధ్యాయ శిక్షణకు టాగోర్ ప్రభుత్వ కళాశాల, పహాడ్‌గావ్‌లో పాలిటెక్నిక్‌గా మొదలై ఇంజనీరింగ్ దాకా పెరిగిన అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. 2015లో వైద్య కళాశాల, ఆ తర్వాత కొద్దికాలానికే అండమాన్ కాలేజీ, అండమాన్ లా కాలేజీ చేరాయి. వీటిలో ఎక్కువ భాగం పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తూ వచ్చాయి. అంటే పాఠ్యప్రణాళిక బంగాళాఖాతం అవతలి ఒడ్డున తయారవుతూ వచ్చింది. కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి సొంత పబ్లిక్ సర్వీస్ కమిషన్ లేదు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు నింపాలంటే ఢిల్లీలోని యూపీఎస్‌సీ ప్రకటన ఇవ్వాలి. ఒక అధ్యాపకుడు రిటైరైన రోజుకూ, ఆ కుర్చీలో కొత్త మనిషి కూర్చునే రోజుకూ మధ్య ఎన్ని ఫైళ్లు తిరగాలో ప్రభుత్వోద్యోగం ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ సందులోకి వచ్చేవాళ్లే గెస్ట్ లెక్చరర్లు. పిల్లలు మాత్రం జూన్, జూలై నెలల్లో వచ్చి బెంచీల మీద కూర్చుంటారు, ఫైలు కదిలేదాకా ఆగరు.

ఆ పిల్లలు ఎవరో కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. వారిలో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు నూటికి 28 మంది పైచిలుకు, హిందీ 19, తమిళం 15, తెలుగు 13. నికోబారీ ఏడెనిమిది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలిపనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు జంగ్లీఘాట్ నుంచి హట్ బే దాకా ఉన్నారు. డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం ఎందరి ఇళ్లలోనో వాళ్లే. ఒకే క్లాసులో ఇంట్లో నాలుగైదు భాషలు మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. బయట అందరినీ కలిపేది దీవుల హిందీ. పుస్తకం, పరీక్ష ఇంగ్లీషులో. ఈ క్లాసులో ఏ మాట హిందీలో చెబితే అందుతుందో, ఏ పదాన్ని ఇంగ్లీషులోనే నిలిపి బోర్డు మీద రాయాలో ఒక సెమిస్టర్ గడిస్తేగానీ కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. అది తెలిసిన మనిషిని వచ్చే ఏడాది మళ్లీ పిలవకపోవడం, పిలిచినా నెల ఆలస్యంగా పిలవడం బోధనకు నేరుగా జరిగే నష్టం. నెట్ పరీక్ష స్కోరులో ఆ అనుభవం కనబడదు.

ఇప్పుడు నియమాలు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో కాంట్రాక్టు అధ్యాపకుల సంఖ్య మొత్తం పోస్టుల్లో పది శాతం మించరాదని ఉంది. అర్హతలు, ఎంపిక పద్ధతి రెగ్యులర్ వారితో సమానంగా ఉండాలి, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. చదివితే ముచ్చటగా ఉంటుంది. మరుసటి ఏడాది, 2019లో, అదే యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి వేరే మార్గదర్శకాలు ఇచ్చింది: లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా. అర్హత మాత్రం రెగ్యులర్ వారిదే. అంతకుముందు 2010లో ఈ రేటు వెయ్యి, నెలకు 25,000. పెన్షన్, గ్రాట్యుటీ, సెలవులు లేవు. ఒకే పని, ఒకే అర్హత, రెండు పేర్లు. కాంట్రాక్టు అని రాస్తే పూర్తి జీతం ఇవ్వాలి, గెస్ట్ అని రాస్తే గంటకింత. దేశమంతటా ఏ పేరు ఎక్కువ వాడుకలోకి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

ఈ 1,500 రూపాయల లెక్కను ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. 50,000 పరిమితిలో నెలకు 33 లెక్చర్లు పడతాయి. 34వ లెక్చరుకు మూడో వంతే దక్కుతుంది, ఆపైన చెబితే ఊరికే చెప్పినట్టే. కాబట్టి టైం టేబుల్ వేసేవాళ్లు ఆ గీత దాటకుండా చూస్తారు, మిగిలిన పీరియడ్లు ఉన్న ఒకరిద్దరు రెగ్యులర్ వారి మీద పడతాయి. ఇక గీత లోపల చూడండి. నాలుగు క్రెడిట్ల ఒక పేపరుకు సెమిస్టర్‌లో 60 గంటల బోధన. క్లాసులో 60 మంది, రెండు ఇంటర్నల్ పరీక్షలు ఉంటే దిద్దాల్సిన జవాబు పత్రాలు 120. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా ఇరవై గంటలు. అసైన్‌మెంట్లు వేరు. కొత్త సిలబస్ అయితే ప్రతి లెక్చరుకూ ముందు రాత్రి చదవాల్సింది వేరు. క్లాసు అయ్యాక వరండాలో ఆపి సందేహం అడిగే పిల్లలకిచ్చే సమయం వేరు. నెలాఖరున బిల్లు పెట్టే కాగితంలో తేదీ, పీరియడ్, చెప్పిన అంశం, హెచ్‌ఓడీ సంతకం, ఇవే గడులు. ఇరవై గంటలు దిద్దినందుకు గడి ఉండదు. బిల్లులో చోటు లేని పని మెల్లగా పల్చబడుతుంది: అసైన్‌మెంటు మీద వ్యాఖ్య రాయడం పోయి టిక్కు మిగులుతుంది, ఇంటర్నల్ ప్రశ్నలు నిరుటివే తిరిగొస్తాయి. ఇందులో మనిషి తప్పు వెతకడం నాకు న్యాయంగా తోచదు. ఏ గంటకు వెల కట్టామో ఆ గంటే మనకు దక్కింది.

పరిశోధన ఏమంటోంది? ఎక్కువ పని జరిగింది అమెరికాలో. అక్కడి అధ్యాపక సంఘం లెక్కల ప్రకారం 1987లో నూటికి 47 మంది అధ్యాపకులు స్థిరత్వం లేని నియామకాల్లో ఉంటే, 2021కి ఆ సంఖ్య 68కి చేరింది. ఆడ్రీ జేగర్, కెవిన్ ఈగన్ కమ్యూనిటీ కాలేజీల మీద చేసిన పనిలో, పార్ట్‌టైం అధ్యాపకుల దగ్గర ఎక్కువ కోర్సులు చదివిన విద్యార్థులు చదువు పూర్తిచేసే అవకాశం తగ్గినట్టు తేలింది. ఈ ఫలితం చూపి గెస్టులంటే నాణ్యత తక్కువ అనేవాళ్లున్నారు. అయితే 2013లో ఫిగ్లియో, షాపిరో, సోటర్ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థుల రికార్డులు పట్టుకుని చూస్తే దీనికి ఎదురు ఫలితం వచ్చింది. శాశ్వత ప్రొఫెసర్ల దగ్గర మొదలుపెట్టిన వారికంటే, ఆ హోదా లేని అధ్యాపకుల దగ్గర మొదలుపెట్టినవారు ఆ సబ్జెక్టులో ముందుకు బాగా సాగారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అనుకోనక్కర్లేదు. నార్త్‌వెస్టర్న్‌లో ఆ అధ్యాపకుల్లో చాలామంది పేరుకే అశాశ్వతం. పూర్తికాలం పని, ఏళ్ల తరబడి అదే విభాగంలో అనుబంధం. కమ్యూనిటీ కాలేజీ పార్ట్‌టైమర్లకు అవేవీ లేవు. తేడా పనిచేసే పరిస్థితుల్లో ఉంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఏడ్రియానా కెజార్ 2012లో మొదలుపెట్టిన డెల్ఫీ ప్రాజెక్టు చెబుతూ వస్తున్నదీ అదే: ఆఖరి నిమిషంలో పిలవడం, పరిచయ శిక్షణ లేకపోవడం, కూర్చోడానికి కుర్చీ లేకపోవడం, సిలబస్ చర్చల్లోకి రానివ్వకపోవడం, ఇవన్నీ కలిసి మంచి ఉపాధ్యాయుణ్ని కూడా సగం మనిషిని చేస్తాయి.

ఈ పరిశోధన దీవులకు మరింత గట్టిగా వర్తిస్తుంది. చెన్నై, విశాఖ ఒక్కోటీ సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. విమానంలో రెండు గంటల పైన, ఓడలో రెండున్నర మూడు రోజులు. సెమిస్టర్ మధ్యలో ఒక గెస్ట్ లెక్చరర్ మానేస్తే హైదరాబాద్‌లో వారంలో ఇంకొకరు దొరుకుతారు. మాయాబందర్‌లో దొరకరు. కాబట్టి ఇక్కడ ఉన్న మనిషిని నిలుపుకోవడమే అన్నిటికంటే పెద్ద నాణ్యతా చర్య. దాని తర్వాతే శిక్షణ, పర్యవేక్షణ, ఫీడ్‌బ్యాక్ ఫారాలు. మన పరిపాలన దీన్ని సాధారణంగా తలకిందులుగా చేస్తుంది: సెమిస్టర్ చివర పని ఆపి, మళ్లీ వాకిన్ ఇంటర్వ్యూ పెట్టి, అదే మనిషిని అదే పేపర్లకు కొత్తగా తీసుకుంటుంది. మధ్యలో వచ్చే ఈ విరామం ఉద్యోగ హక్కు ఏర్పడకుండా చూసే ఏర్పాటు అని అందరికీ తెలుసు. దాని ఖర్చు పిల్లల మొదటి మూడు నాలుగు వారాల పాఠాల్లో పడుతుంది.

పార్ట్‌టైం బోధనను చక్కగా నడపడం అసాధ్యమేమీ కాదు. దానికి మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు మీద నడుస్తోంది. 1985లో ఇగ్నో వచ్చింది, దాని ప్రాంతీయ కేంద్రం పోర్ట్ బ్లెయిర్‌లోనూ ఉంది. ఈ సంస్థల బోధన చాలావరకు పార్ట్‌టైం కౌన్సెలర్ల మీదే ఆధారపడింది. పార్ట్‌టైం అనేది వాటికి ఎక్కడో తగిలించుకున్న అతుకు కాదు, మొదటి నుంచీ ప్రణాళికలో భాగం. పాఠ్యసామగ్రి ముందే తయారై చేతికొస్తుంది. అసైన్‌మెంటు దిద్దినందుకు వేరే పారితోషికం ఉంటుంది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఇంకో అడుగు వేసింది. ట్యూటర్ దిద్దిన అసైన్‌మెంట్లలో కొన్నిటిని సీనియర్లు తీసి చూస్తారు. మార్కులతో పాటు విద్యార్థికి రాసిన వ్యాఖ్య పనికొచ్చేలా ఉందా లేదా అన్నది పరిశీలించి ట్యూటర్‌కు చెబుతారు. క్లాసు వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకునే తనిఖీ కంటే ఇది నాకు గొప్ప పద్ధతిగా అనిపిస్తుంది. దిద్దిన కాగితం అబద్ధం చెప్పదు, దాన్ని చూడ్డానికి ఎవరూ ప్రయాణం చేయక్కర్లేదు. 2022 ఆగస్టులో ఆ విశ్వవిద్యాలయం నాలుగు వేల మందికి పైగా ట్యూటర్లను శాశ్వత ఒప్పందాల్లోకి మార్చింది. పని మాత్రం పార్ట్‌టైమే. శాశ్వతం, పార్ట్‌టైం అన్నవి ఒకే మనిషి ఉద్యోగంలో ఇమడగలవన్న సంగతి మన నియమాల రచయితలు గమనించాల్సింది. కెనడాలో వాంకూవర్ కమ్యూనిటీ కాలేజీ కూడా ఇదే బాటలో ఉంది. సగం పని చేసేవారికి అదే జీతపు స్కేల్లో సగం, నిర్ణీత కాలం పనిచేశాక రెగ్యులర్ హోదా.

దీవుల్లో దిద్దిన కాగితాల పరిశీలన ఇప్పుడు సాధ్యమే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కణ్నుంచి లిటిల్ అండమాన్, కార్ నికోబార్, రంగత్ వంటి చోట్లకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడ్డ ఇంటర్నెట్‌తో చిన్న ఫైలు పంపడానికి ఎంతసేపు కూర్చోవాల్సి వచ్చేదో దీవులవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాయాబందర్‌లో ఒక సబ్జెక్టుకు ఒక్కరే అధ్యాపకులు ఉన్నప్పుడు ఆ సబ్జెక్టు గురించి మాట్లాడుకోవడానికి తోటి మనిషి ఉండరు. చిన్న కాలేజీల్లో గెస్టు పడే అసలు ఒంటరితనం అదే. జేఎన్‌ఆర్‌ఎంలోని అదే సబ్జెక్టు సీనియర్‌తో పదిహేను రోజులకోసారి గంట మాట్లాడే ఏర్పాటు, ఇంటర్నల్ ప్రశ్నపత్రాన్ని ఇద్దరూ కలిసి చూసుకునే పద్ధతి పెట్టి, ఆ గంటకూ బిల్లులో గడి ఉంచితే ఖర్చు స్వల్పం. రెగ్యులర్‌గా చేరినవారికి యూజీసీ నెలరోజుల పరిచయ శిక్షణ రూపొందించింది. గెస్టుకు చాలాచోట్ల మొదటి రోజే హాజరుపట్టీ, చాక్‌పీసు ఇచ్చి క్లాసుకు పంపుతారు.

మూల్యాంకనం మాట వచ్చినప్పుడు ఒక హెచ్చరిక. విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ మార్కులను రెన్యువల్‌కు ప్రమాణం చేయడం సులువు, అందుకే అది అంతటా వ్యాపించింది. కానీ 2017లో బాబ్ ఉటిల్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి విశ్లేషిస్తే, ఫీడ్‌బ్యాక్ స్కోర్లకూ విద్యార్థులు నిజంగా నేర్చుకున్నదానికీ సంబంధం కనబడలేదు. వచ్చే సెమిస్టర్ ఉద్యోగం ఆ స్కోరు మీద ఉందని తెలిసిన గెస్టు ఇంటర్నల్ మార్కులు గట్టిగా వేయగలరా? పిల్లల మాట వినాలి. బోర్డు మీద రాసింది కనబడుతోందా, సిలబస్ పూర్తవుతోందా అని సెమిస్టర్ మధ్యలో అడగాలి, అప్పుడే సరిదిద్దుకునే వీలుంటుంది. ఉద్యోగం ఉంచడం, తీయడం దానిమీద తేల్చకూడదు.

నిజమైన పార్ట్‌టైం అధ్యాపకులు వేరే ఉన్నారు, వాళ్ల గురించి మనం చాలా తక్కువ ఆలోచించాం. మూడు లక్షల ఎనభై వేల జనాభా ఉన్న చోట ఇంతమంది శాస్త్రవేత్తలు దేశంలో ఇంకెక్కడా కనబడరేమో. కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, జూలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే ప్రాంతీయ కేంద్రాలు, ఐసీఎంఆర్ కేంద్రం, సముద్ర సాంకేతిక సంస్థ శాఖ, అన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే. కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ కూడా అక్కడే కూర్చుంటుంది కాబట్టి లా కాలేజీకి న్యాయవాదుల కొరత లేదు. పగడపు దిబ్బల మీద ఏళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త వారానికో పీరియడ్ జువాలజీ పిల్లలకు చెబితే అది ఏ రెగ్యులర్ లెక్చరరూ ఇవ్వలేని చదువు. వీరికి జీతభద్రత అక్కర్లేదు, అది వాళ్ల సొంత సంస్థ ఇస్తుంది. వీరికి కావాల్సింది పాఠం చెప్పే పద్ధతిలో కొంత సాయం, సిలబస్‌లో తమ పీరియడ్ ఎక్కడ కుదురుతుందో చెప్పే మనిషి. ఖాళీ పోస్టులో కూర్చోబెట్టిన నిరుద్యోగ పీహెచ్‌డీనీ, ఈ శాస్త్రవేత్తనూ ఒకే గెస్ట్ ఫ్యాకల్టీ ఖాతాలో వేసి, ఒకే ఫారంతో నడపడం వల్ల ఇద్దరికీ న్యాయం జరగడం లేదు.

కోర్టులు ఈమధ్య స్పష్టంగా మాట్లాడుతున్నాయి. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. 2025 ఆగస్టులో, గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు మన తెలుగువారైన జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ముందుకొచ్చింది. అదే పనికి అడ్‌హాక్ అధ్యాపకులకు లక్షా 16 వేలు, రెగ్యులర్ వారికి లక్షా 36 వేల పైచిలుకు వస్తుంటే వీరికి 30,000 ఇస్తున్నారు. కనీస స్కేలు ఇవ్వాలని ధర్మాసనం ఆదేశించింది. సభల్లో గురువును స్తుతించే శ్లోకాలు చదివితే చాలదని కూడా గట్టిగా అంది. తెలంగాణ 2023లో కాంట్రాక్టు లెక్చరర్లను రెగ్యులర్ చేసింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది, 2014 జూన్ 2 నాటికి పనిలో ఉన్న కాంట్రాక్టు ఉద్యోగుల కోసం చట్టం తెచ్చింది. రెండు చోట్లా గంటల లెక్కన పనిచేసే గెస్టులు గేటు బయటే ఉండిపోయారు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో కాంట్రాక్టుకున్న పది శాతం పరిమితి కనబడలేదు. ఆ పరిమితి పోతే విశ్వవిద్యాలయాల్లో అశాశ్వత నియామకాలు పెరుగుతాయన్న ఆందోళన సరైనదే. దీవులకు మాత్రం ఇందులో ఒక చిన్న సందు ఉంది. ఏటా తిరిగొచ్చే గెస్టును గంటల లెక్కలోంచి తీసి, రెగ్యులర్ జీతానికి తగ్గని కాంట్రాక్టులోకి, కనీసం మూడేళ్ల ఒప్పందంతో మార్చడానికి అడ్డు తగ్గుతుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో వరసగా ఆరేళ్లు చెప్పిన లెక్చరర్‌కు మూడేళ్ల నియామకం హక్కుగా వస్తుంది. ఖాళీ పోస్టు భర్తీకి ఎదురుచూస్తూ ఏళ్లు గడిపే మాయాబందర్‌లో ఆరేళ్లు ఆగాల్సిన పని లేదు, రెండు చాలు. ఆ ఉత్తర్వు జూలైలో వాకిన్ ఇంటర్వ్యూ అయ్యాక రాకూడదు. ఏప్రిల్‌లో, ఆ ఏడాది పరీక్షలు అవుతుండగానే చేతికి రావాలి. అప్పుడే ఆ లెక్చరర్ అద్దె ఇల్లు వదులుకోకుండా ఉంటారు, వేసవిలో కొత్త పేపరు చదువుకుంటారు, మెయిన్‌లాండ్ నుంచి తిరిగిరావడానికి ఓడ టికెట్టు ముందే తీసుకుంటారు.